సున్నపు గిరిలో బిడ్డ: సురభి నాటక కుటుంబాలకు బహిరంగ లేఖ

సురభి పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు,

నేను జర్మనీలో ఆగ్స్‌బుర్గ్ అనే ఊళ్లో ఉంటున్న తెలుగు ప్రేక్షకురాలిని. మీరు ఆడవలసిన నాటకం ఒకటి ఉంది. అది ఆడమని అడగడానికే ఈ లేఖ. మీ ఇంటి చిరునామాకు ఉత్తరం రాస్తే సరిపోయేది. కానీ ఈ కోరికతో మీ డేరా ముందు కూర్చునే జనానికీ, మీకు నాటకాలు రాసిపెట్టేవాళ్లకూ, రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలకూ పని ఉంది. అందుకని పదిమందీ చదివేలా రాస్తున్నాను.

ఆ నాటకం చైనాలో పుట్టింది. మంగోలులు ఏలిన యువాన్ వంశకాలంలో లీ చియెన్‌ఫు అనే ఆయన రాశాడు. అప్పటి ఉత్తర చైనాలో, కొలువులిచ్చే రాజపరీక్షలు దశాబ్దాల తరబడి జరగలేదు. 1315లో గానీ మళ్లీ మొదలవలేదు. చదువుకుని కొలువు దొరకనివాళ్లు కొందరు రంగస్థలాన్ని పట్టుకున్నారు. కచేరీలో తీర్పు ఎలా అమ్ముడుపోతుందో, గుమాస్తా చేతిలో న్యాయాధికారి ఎలా ఆడతాడో ఆ నాటకాల్లో కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

కథానాయిక పేరు హాయ్‌తాంగ్. ఇల్లు గడవక ఒళ్లమ్ముకోవలసి వచ్చిన పిల్ల. మా అనే సంపన్నుడు ఆమెను రెండో భార్యగా తెచ్చుకుంటాడు, ఒక కొడుకు పుడతాడు. పెద్ద భార్యకు కచేరీ గుమాస్తాతో సంబంధం. ఇద్దరూ కలిసి ఆ సంపన్నుడికి విషం పెట్టి, ఆ నేరం హాయ్‌తాంగ్ మీదికి తోస్తారు. ఆస్తి బిడ్డకు దక్కుతుంది కాబట్టి బిడ్డను కన్నది తానేనంటుంది పెద్ద భార్య. పురుడు పోసిన మంత్రసాని చేత, ఇరుగుపొరుగు చేత డబ్బిచ్చి అదే మాట చెప్పిస్తుంది. హాయ్‌తాంగ్‌ను కొట్టి ఒప్పిస్తారు. మెడకు బొండకొయ్య తగిలించి, మంచు కురుస్తుండగా కైఫెంగ్ నగరానికి నడిపించుకుపోతారు. అక్కడ న్యాయమూర్తి బావ్ జెంగ్ ఉంటాడు. ఈయన కల్పిత పాత్ర కాదు, సాంగ్ వంశపు కొలువులో పనిచేసిన అధికారి (999–1062). నేల మీద సున్నంతో గిరి గీయించి, మధ్యన బిడ్డను నిలబెట్టి, చెరొక చెయ్యీ పట్టి లాగమంటాడు. ఎవరు గిరి దాటిస్తే బిడ్డ వాళ్లది. హాయ్‌తాంగ్ లాగదు. బిడ్డ చెయ్యి విరుగుతుందని వదిలేస్తుంది.

ఈ తీర్పు మనకు కొత్త కాదు. మహా ఉమ్మగ్గ జాతకంలో మహోసధుడు గీత గీసి ఇదే పరీక్ష పెట్టాడు. బైబిల్లో సొలొమోను కత్తి తెమ్మన్నాడు. ఆసియా అంతా తిరిగిన కథ ఇది. నేను చెప్పదలచుకున్నది ఇది జర్మనీ చేరాక ఏమైందన్నది.

1832లో స్తానిస్లాస్ జూలియెన్ అనే పండితుడు ఫ్రెంచిలోకి తెచ్చాడు. 1925లో క్లాబుండ్ అనే కలంపేరున్న జర్మన్ కవి తన పద్ధతిలో తిరగరాశాడు. బెర్లిన్‌లో మాక్స్ రైన్‌హార్ట్ ఆడించిన ప్రదర్శనలో ఎలిజబెత్ బెర్గ్నర్ హాయ్‌తాంగ్ వేషం వేసింది. జనం విరగబడి చూశారు. క్లాబుండ్ ఈ కథలోకి రాజప్రాసాదాన్ని తెచ్చాడు. పన్నులు వసూలు చేసే మా అనేవాడి వేధింపు భరించలేక హాయ్‌తాంగ్ తండ్రి ఉరిపోసుకుంటాడు. ఆమె టీ అంగడికి అమ్ముడుపోతుంది. అక్కడ ఆమెను చూసి మనసు పడ్డ యువరాజు తర్వాత చక్రవర్తి అవుతాడు, చివర న్యాయపీఠం మీద కూర్చునేదీ అతనే. బిడ్డకు తండ్రీ అతనేనని తేలుతుంది. అందమైన రచన, కాదనను. కానీ అక్కడ న్యాయం సింహాసనం దయతలిస్తే దిగివస్తుంది. చక్రవర్తి ఒకనాడు ఆ అంగడికి వెళ్లి ఉండకపోతే ఆమె గతేమిటి? ఆ ప్రశ్న ఆ నాటకం అడగదు.

అడిగినవాడు బెర్టోల్ట్ బ్రెహ్ట్. ఆయన 1898లో మా ఆగ్స్‌బుర్గ్‌లోనే పుట్టాడు. పాతబస్తీలో లెహ్ నది కాలువలు పారే సందుల్లో ఉన్న ఆ ఇల్లు ఇప్పుడు ప్రదర్శనశాల. 1933 ఫిబ్రవరి 28న, బెర్లిన్‌లో పార్లమెంటు భవనం తగలబడిన మర్నాడు, పెళ్లాంతో, కొడుకుతో దేశం విడిచిపోయాడు. డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్, అక్కడినుంచి సోవియట్ దేశం ఈ కొస నుంచి ఆ కొస దాకా దాటి, వ్లదివొస్తోక్‌లో ఓడెక్కి 1941లో అమెరికా చేరాడు. ఆ పరుగు నడుమ, 1940లో, చైనా గిరిని తెచ్చి తన సొంతూళ్లో గీశాడు. 'ఆగ్స్‌బుర్గ్ సున్నపు గిరి' చిన్న కథే. కాలం మాత్రం ముప్పై ఏళ్ల యుద్ధం, 1618 నుంచి 1648 దాకా జర్మనీని తినేసిన యుద్ధం. కాథలిక్ సైన్యం ఊళ్లోకి చొరబడుతుంది. తోళ్ల కార్ఖానా యజమానిని చంపేస్తారు. అతని భార్య బట్టలు సర్దుకోవడంలో పడి బిడ్డను వదిలి పారిపోతుంది. అన్నా అనే పనిమనిషి ఆ బిడ్డను ఎత్తుకుంటుంది.

ఆ యుద్ధం అంటే ఏమిటో ఈ ఊళ్లో ఇప్పటికీ ఒక రాతి మనిషి చెబుతాడు. పాత కోటగోడ దగ్గర, 'స్వీడన్ మెట్లు' అనే చోట, ఒక గూట్లో నిలబడి ఉంటాడు. రొట్టెలు కాల్చేవాడు. ఒక చెయ్యి లేదు, ఇంకో చేతిలో రొట్టె. 1634–35 చలికాలంలో శత్రుసేన ఊరిని ముట్టడించి తిండి రానీయకుండా చేసింది. జనం ఆకలికి చచ్చిపోతున్నారు. ఈ రొట్టెలాయన మిగిలిన రంపపు పొట్టుతో రొట్టె చేసి, గోడెక్కి శత్రువులకు చూపించి, కందకంలోకి విసిరేశాడట. లోపల తిండికి లోటు లేదని వాళ్లు నమ్మాలని. వాళ్లు తుపాకీ పేల్చారు, చెయ్యి తెగిపోయింది. ఇది జనం చెప్పుకునే కథ. ముట్టడి మాత్రం చరిత్ర. అంతకుముందు నలభై అయిదు వేల దాకా ఉన్న ఊరి జనం ఆ ముట్టడి తర్వాత సుమారు పదహారు వేలకు పడిపోయారు. ఇక్కడ ఏటా ఆగస్టు 8న శాంతి పండుగ చేస్తారు. 1650 నుంచీ చేస్తున్నారు. ఆ రోజు సెలవు జర్మనీ మొత్తంలో ఈ ఒక్క ఊరికే.

రాజుల పేర్లు, సేనాపతుల పేర్లు ఇక్కడి పిల్లలు పాఠాల్లో చదివి మరిచిపోతారు. రంపపు పొట్టు రొట్టెను మరిచిపోరు. బ్రెహ్ట్ చిన్నప్పుడు తిరిగిన వీధులు ఇవే.

1944లో కాలిఫోర్నియాలో ఉండగా ఆ చిన్న కథను పెద్ద నాటకం చేశాడు. 'కాకేషియన్ సున్నపు గిరి'. ఈసారి చోటు జార్జియా. ఈస్టర్ పండుగనాడు కోటలో కుట్ర జరుగుతుంది. గవర్నరు తమ్ముడే, లావుపాటి రాకుమారుడు, అన్న తల తీయిస్తాడు. ఊరు మండుతుంటే గవర్నరు భార్య ఏ పట్టుగౌను తీసుకెళ్లాలా అని పనివాళ్లను తిడుతూ ఉంటుంది. బిడ్డ నేల మీద ఉండిపోతాడు. వంటింటి దాసి గ్రూషె ఆ రాత్రంతా బిడ్డ పక్కన కూర్చుని, తెల్లవారుజామున ఎత్తుకుని కొండల్లోకి నడుస్తుంది. వారసుడు బతికుంటే కొత్త పాలకులకు గండం. అందుకని సైనికులు వెంటపడతారు.

మీరు గమనించండి. కుట్ర నాటకం మొదట్లోనే అయిపోతుంది. ఆ తర్వాత చాలాసేపు అంతా దారే. బ్రెహ్ట్ ఆ దారిని సన్నివేశం సన్నివేశంగా నడిపించాడు, ఒక్క అడుగు కూడా ఎగరగొట్టలేదు.

అందులో పాల బేరం ఒకటుంది. ఆకలికి బిడ్డ ఏడుస్తుంటాడు. గ్రూషె ఒక ముసలి రైతు తలుపు తట్టి పాలు అడుగుతుంది. మేకల్ని సైనికులు తోలుకుపోయారంటాడు ముసలాయన. తర్వాత పాలు ఉన్నాయి గానీ మూడు పియాస్త్రెలంటాడు. ఆ ధర విని ఆమె నిర్ఘాంతపోతుంది. ఆయన తలుపు వేసుకుంటాడు. ఆమె అరుగు దగ్గర కూర్చుని, పాలు లేని తన రొమ్మే బిడ్డ నోటికి పెడుతుంది. పెళ్లి కాని పిల్ల ఆమె. కాసేపు బిడ్డ ఊరుకుంటాడేమోనని. ఊరుకోడు. మళ్లీ లేచి తలుపు తడుతుంది. రెండు పియాస్త్రెలకు బేరం తెగుతుంది. లెక్కపెట్టి ఇస్తుంది. ముసలాయన చెడ్డవాడు కాదు, ఆయన మేకలు నిజంగానే పోయాయి. యుద్ధంలో పాల ధర పెంచింది ఆయన కాదు. కోటలో అన్నను చంపిన తమ్ముడు పెంచాడు. కోటలో జరిగినదానికీ ఆ గిన్నెడు పాలకూ మధ్య ఉన్న లంకె ప్రేక్షకుడికి అక్కడ తెలిసిపోతుంది, ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే.

ఇంకొకటి. పారిపోతున్న గొప్పింటి ఆడవాళ్లతో సత్రంలో చోటు కోసం గ్రూషె తానూ గొప్పింటి పిల్లనేనని నటిస్తుంది. పక్క దులిపి పరుస్తుండగా ఆమె చేతులు చూసి వాళ్లకు తెలిసిపోతుంది. పనిచేసిన చేతులు, పగిలిన చేతులు. ఈ ఒక్క సన్నివేశానికి మీ అక్కచెల్లెళ్ల చేతుల్ని నేను ఊహించుకున్నాను. తెరలు గుంజి, తాళ్లు బిగించి, వంట చేసి, ముఖానికి రంగు వేసుకుని, చంకలో బిడ్డతో వేదికెక్కే చేతులు మీ ఇళ్లలో నాలుగు తరాలకు మించి ఉన్నాయి.

ఇక మన నాటకాల సంగతి. తెలుగువాళ్లకు రాచకొలువు కుట్రలంటే ఎంతో మక్కువ. వేదం వేంకటరాయశాస్త్రి గారు 1897లోనే ప్రతాపరుద్రీయం రాశారు. మంత్రి యుగంధరుడి ఎత్తులు, ఢిల్లీ చెరలో ప్రతాపరుద్రుడు, రాజు పోలికలున్న చాకలి పేరిగాడు. ఎవరి మాట వాళ్ల నోటికే తగినట్టుగా రాశారు. పేరిగాడు మాట్లాడుతుంటే మన వీధిలోవాడు మాట్లాడినట్టే ఉంటుంది. గొప్ప పని చేశారాయన. అయినా 1323లో ఓరుగల్లు పడ్డాక ఆ పేరిగాడి ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందన్నది మనకు వేదిక మీద కనిపించదు. ఆ మాట చెప్పింది ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం. ఓరుగల్లు పతనం తర్వాత పల్లెలు ఎలా పాడయ్యాయో, రైతు పంట ఎలా దోపిడీ అయిందో అందులో ఉంది. శాసనం చెక్కినవాడికి గుర్తొచ్చిన కష్టం మన పద్యనాటకానికి అంతగా గుర్తురాలేదు.

బొబ్బిలి తీసుకోండి. 1757 జనవరి 24. బుస్సీ ఫిరంగులు, విజయరామరాజు పగ, కోటలో ఆడవాళ్ల చావు, తర్వాత విజయరామరాజు గుడారంలో దూరి తాండ్ర పాపారాయుడు తీర్చుకున్న పగ. బుర్రకథగా విన్నాం, నాటకంగా చూశాం, 1964లో సినిమాగానూ చూశాం. ఇదే కథలో ఇంకో మనిషి ఉన్నాడు. ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాసిపెట్టాడు. శవాల నడుమ నుంచి ఒక ముసలివాడు ఒక పసివాణ్ని తెచ్చి, లా అనే ఫ్రెంచి అధికారి ముందు నిలబెట్టాడు. వీడు రాజు రంగారావు కొడుకు, తండ్రి ఆజ్ఞకు విరుద్ధంగా నేను కాపాడాను అన్నాడు. అంతే. ఆ ముసలివాడి పేరు ఓర్మ్ రాయలేదు. ఆ పసివాడే తర్వాత బొబ్బిలి గద్దెకు వారసుడయ్యాడు.

తండ్రి ఆజ్ఞకు విరుద్ధంగా. కోటలో ఉన్నవాళ్లందరూ చావాలని రాజు చెప్పాక, రాజాజ్ఞ తలదాల్చడమే ధర్మమని చుట్టూ అందరూ అనుకుంటున్నాక, ఒక ముసలివాడు బిడ్డను దాచాడు. ఎక్కడ దాచాడు? బిడ్డ ఏడిస్తే నోరెలా మూశాడు? ఆ పూట ఏం తాగించాడు? గ్రూషె చేసిన పని అదే. మన వేదికల మీద వెలుగంతా పాపారాయుడి కత్తి మీద పడింది. ఆ ముసలివాడి మీద ఒక్క దివిటీ అయినా పట్టాలి. నా మనసులో ఉన్న కోరిక ఇదే. మీ ముందు పెట్టడానికి సుద్ద పట్టుకుని చైనా, జర్మనీ తిరిగి రావలసి వచ్చింది.

మిమ్మల్నే ఎందుకు అడుగుతున్నానంటే, కారణాలు నా అభిమానం ఒక్కటే కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు కీచకవధతో మొదలుపెట్టిన నాటి నుంచీ మీది కుటుంబ నాటకం. మిగతా తెలుగు రంగస్థలం మీద మగవాళ్లు చీరలు కట్టి ఆడవేషాలు వేస్తున్న కాలంలో మీ ఇంటి ఆడవాళ్లు తమ పాత్రలు తామే వేశారు. తోలుబొమ్మలాట నుంచి వచ్చినవాళ్లు మీరు. తెరల మీద కోటలు, అడవులు, నదులు గీయడం మీకు చేతనయిన విద్య. 1954 అక్టోబరులో బెర్లిన్‌లో షిఫ్‌బావర్‌దామ్ థియేటరులో బ్రెహ్ట్ స్వయంగా ఈ నాటకం ఆడించినప్పుడు, కార్ల్ ఫాన్ అపెన్ అనే చిత్రకారుడు చైనా చిత్రాల పద్ధతిలో తెరలు గీశాడు. గొప్పింటివాళ్ల ముఖాలకు మాస్కులు. గ్రూషెగా వేసిన అంగెలికా హుర్విజ్ ముఖానికి మాస్కు లేదు. మనకు తెరచీర, హరికథ, బుర్రకథ, సూత్రధారుడు అన్నీ ఉన్నాయి. కథ చెప్పే గాయకుణ్ని బ్రెహ్ట్ వేదిక మీద ఓ పక్కన కూర్చోబెట్టాడు. నటుడు ప్రేక్షకుడి ఉనికిని దాచకుండా ఆడే పద్ధతిని 1935లో మాస్కోలో మెయ్ లాన్‌ఫాంగ్ అనే చైనా నటుణ్ని చూసి ఎంతో మెచ్చుకున్నాడు. మీ దగ్గరకు వస్తే ఆ పద్ధతి పుట్టింటికి వచ్చినట్టే.

పైగా బ్రెహ్ట్ మీకు పరాయివాడు కాడు. బి.వి. కారంత్ గారు మీతో కలిసి పనిచేసిన రోజుల్లో 'బస్తీ దేవత యాదమ్మ' ఆడారు. చైనా ఊరు పెట్టి బ్రెహ్ట్ రాసిన సెజువాన్ నాటకమే అది. యాదమ్మను మీరు హైదరాబాదు బస్తీలో నిలబెట్టినప్పుడు ఎవరికీ అది పరాయి సరుకనిపించలేదు. మహారాష్ట్రలో ఖానోల్కర్, విజయా మెహతా ఈ సున్నపు గిరినే 'అజబ్ న్యాయ వర్తుళాచా' పేరుతో మరాఠీ జానపద రీతిలోకి తెచ్చారు. 1970లలో వైమార్ నుంచి వచ్చిన జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ బెన్నెవిట్జ్ వాళ్లతో కలిసి పనిచేశారు. వాళ్లకు సాధ్యమైనది మీకెందుకు కాదు?

తీర్పు సంగతి మిగిలింది. చైనా నాటకంలో, క్లాబుండ్‌లో బిడ్డ కన్నతల్లికి దక్కుతాడు. బ్రెహ్ట్ తిప్పేశాడు. అల్లర్లు జరుగుతుండగా న్యాయపీఠం ఎక్కిన పల్లెటూరి గుమాస్తా అజ్దాక్, ధర్మశాస్త్ర గ్రంథాన్ని పిరుదుల కింద పీటగా వేసుకుని కూర్చునేవాడు, గిరి గీయించి, చెయ్యి వదిలేసిన పనిమనిషికే బిడ్డను ఇస్తాడు. కన్నతల్లి వచ్చింది బిడ్డ కోసం కాదు, బిడ్డ పేర ఉన్న ఎస్టేటు కోసమని ఆమె లాయరు నోటివెంటే బయటపడుతుంది. తెలుగు ప్రేక్షకుడికి ఈ తీర్పు మింగుడు పడుతుంది. యశోదను తల్లి కాదని మనలో ఎవరంటారు? కురుక్షేత్రానికి ముందు కుంతి వచ్చి కొడుకా అని పిలిస్తే కర్ణుడు రాధ కొడుకుగానే ఉండిపోయాడు. ఆ పద్యాలకు ఈలలు వేసిన ఊళ్లు మనవి.

అయినా ఈ తీర్పును కళ్లు మూసుకుని ఒప్పుకోమని నేను చెప్పలేను. ఈ దేశంలో ఉంటూ చెప్పలేను. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు పోలండ్ నుంచి, ఇతర ఆక్రమిత దేశాల నుంచి, తమ జాతి లక్షణాలు కనిపించిన పిల్లల్ని ఎత్తుకొచ్చారు. జర్మన్ పేర్లు పెట్టారు, జర్మన్ కుటుంబాలకు పెంచుకోమని ఇచ్చారు. 1947–48లో న్యూరెంబర్గ్‌లో జరిగిన ఒక విచారణలో ఈ నేరం కోర్టు ముందుకు వచ్చింది. యుద్ధం ముగిశాక ఐక్యరాజ్యసమితి సహాయ సంస్థ ఉద్యోగులు ఇల్లిల్లూ తిరిగి ఆ పిల్లల్ని వెతికారు. పిల్లలు తమ భాష మరిచిపోయారు. పెంచిన అమ్మను వదిలి రామని ఏడ్చినవాళ్లున్నారు. ఆ పెంచిన అమ్మల్లో కొందరికి బిడ్డ ఎక్కడినుంచి వచ్చాడో తెలియదు. అవతల పోలండ్‌లో కన్నతల్లి కూడా దారులన్నీ తిరిగింది, ఆమె పట్టుగౌన్లు సర్దుకున్న మనిషి కాదు. ఆ బిడ్డ చుట్టూ గిరి గీయమంటే అజ్దాక్ ఏం చేసేవాడు?

1954లో బెర్లిన్ హాల్లో కూర్చున్నవాళ్ల మనసుల్లో ఇవన్నీ పచ్చిగానే ఉన్నాయి. క్లాబుండ్ భార్య కథ కూడా వినండి. కరోలా నెహర్, పేరున్న నటి, బ్రెహ్ట్ నాటకాల్లో వేసింది. క్లాబుండ్ 1928లో క్షయతో పోయాడు. నాజీలు వచ్చాక ఆమె సోవియట్ దేశం వెళ్లింది. 1936లో మాస్కోలో గూఢచారిణి అని అరెస్టు చేశారు. చంకలో ఏడాదిన్నర కొడుకు. ఆమె 1942లో జైల్లో టైఫస్‌తో చచ్చిపోయింది. కొడుకు తన తల్లి ఎవరో తెలియకుండా అనాథాశ్రమంలో పెరిగాడు. సున్నపు గిరి నాటకాన్ని జర్మనీకి ఇచ్చిన కవి భార్య చేతుల్లోంచే బిడ్డను రాజ్యం లాక్కుంది. ఆ లాగుడులో గిరి గీయడానికి న్యాయమూర్తే లేడు.

అందుకే మీ నాటకంలో తీర్పు మంచి అమ్మకూ చెడ్డ అమ్మకూ మధ్య పోటీలా ఉండకూడదని నా మనవి. రెండో చెయ్యి పట్టుకున్న తల్లికీ ఒక దారి ఉండనివ్వండి. ఆమె కూడా ఎక్కడో పాలు బేరమాడిందేమో. గుంజుతున్నది ఆస్తిలా, రాజ్యంలా కనిపించాలి. అలా రాస్తే బ్రెహ్ట్‌తో వాదానికి దిగినట్టే అవుతుంది, దిగండి. ఆయన లీ చియెన్‌ఫుతో వాదానికి దిగినవాడే కదా.

చోటు, కాలం మీ ఇష్టం. బొబ్బిలి అని పేరు పెట్టనక్కర్లేదు, చరిత్రను మార్చారన్న మాట రాకుండా పేరులేని కోట ఒకటి కట్టుకోండి. లేదా కోటనే వదిలేసి 1942 తీసుకోండి. జపాను బాంబులు పడ్డాక రంగూను నుంచి మన ఉత్తరాంధ్ర, గోదావరి కూలీలు, వ్యాపారులు, పిల్లాజెల్లాతో అరకాన్ అడవుల గుండా నడిచి వచ్చారు. దారిలో పోయినవాళ్లు పోగా మిగిలినవాళ్లు ఇళ్లు చేరారు. ఆ నడక కథలు విశాఖ, శ్రీకాకుళం, కాకినాడ ఇళ్లలో ముసలివాళ్లు చెప్పగా విన్నవాళ్లు ఇంకా ఉన్నారు. రాసుకోండి ముందు. ఇప్పుడు మా ఊళ్లో ట్రాముల్లో ఉక్రెయిన్ తల్లులు పిల్లలతో కనిపిస్తారు. 2022 ఫిబ్రవరి తర్వాత పది లక్షలకు పైగా జనం ఆ దేశం నుంచి జర్మనీ వచ్చారు. దారి ఇంకా ముగియలేదు.

హక్కుల మాట. చైనా నాటకం అందరిదీ. క్లాబుండ్ పోయి దాదాపు వందేళ్లు. బ్రెహ్ట్ పాఠాన్ని నేరుగా వాడుకునే ముందు మాత్రం హక్కుల సంగతి అడిగి తెలుసుకోవాలి. అడగడంలో తప్పులేదు. చైనా కథ పట్టుకుని మీ సొంతంగా రాసుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. హైదరాబాదులో గోథె జెంట్రుమ్ ఉంది, మీ శేరిలింగంపల్లి కాలనీకి కూతవేటు దూరంలో కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రంగస్థల శాఖ ఉంది. సాంస్కృతిక శాఖలవారు ఇలాంటి పనికి చెయ్యందించాలని ఈ లేఖ ద్వారా వారినీ అడుగుతున్నాను. ఉత్సవాల్లో ఒక రాత్రి ప్రదర్శనకిచ్చే డబ్బు కాదు, కొత్త నాటకం రాయడానికీ, తెరలు గీయడానికీ, సాధన చేయడానికీ కావలసిన డబ్బు ఇవ్వాలి.

నాకు జర్మన్ వచ్చు. బ్రెహ్ట్ చిన్న కథనూ, క్లాబుండ్ నాటకాన్నీ తెలుగులో ముసాయిదాగా రాసి పంపగలను. చైనా మూలానికి ఆ భాష తెలిసినవాళ్ల సాయం తీసుకుందాం. మీ రచయిత మీవాళ్లలో నుంచే ఉండాలి, నా తెలుగు మీ డేరాకు చాలదు. మాయాబజార్‌లో మీరు చేసే గారడీలన్నీ కోట తగలబడే ఘట్టంలో వాడండి, జనం నోళ్లు తెరుచుకుని చూడనీయండి. ఆ తర్వాత దారి మొదలయ్యాక గారడీ ఆపండి. నడక నడకలాగే ఉండాలి. పాల బేరాన్ని నిడివి తగ్గించడానికి కత్తిరించకండి. చేతిలో గుడ్డ బొమ్మ వద్దు. మీ ఇళ్లలో ఎప్పుడూ ఒక పసిబిడ్డ ఉంటుంది కదా, ఆ బిడ్డనే ఎత్తుకోండి.

మీ జవాబు ఏ పత్రికలో వచ్చినా చదువుతాను.

ఇట్లు,
ఆగ్స్‌బుర్గ్ నుంచి మీ ప్రేక్షకురాలు